రోజ్ బర్డ్‌ని దింపేశారు సరే, ఆ తర్వాత?

1986 నవంబరు 4న కాలిఫోర్నియా జనం తమ రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిని ఓటేసి ఇంటికి పంపించారు. ఆమె పేరు రోజ్ ఎలిజబెత్ బర్డ్. లంచం తిన్నదని ఎవరూ అనలేదు. తాగి కోర్టుకొచ్చిందని అనలేదు. తీర్పులు నచ్చలేదన్నారు, అందులోనూ ఉరిశిక్షల మీద ఇచ్చినవి. మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. ఆ ఊపులో ఇంకో ఇద్దరు న్యాయమూర్తులు కూడా కొట్టుకుపోయారు.

నేనుండేది కాలిఫోర్నియాలోనే, సాంతా క్లారా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). రోజ్ బర్డ్ వకీలుగా పని నేర్చుకున్నది ఈ కౌంటీలోనే. ఇక్కడి పాతకాపుల దగ్గర ఆమె పేరెత్తితే ఇప్పటికీ రెండే రకాల మొహాలు కనిపిస్తాయి: "పీడా వదిలింది" అనే మొహం, "పాపం, బలిచేశారు" అనే మొహం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆమె తప్పులు చేసింది, మొండిది, మనుషుల్ని కూడగట్టుకోవడం చేతకానిది. అయినా ఆ ఎన్నిక జరగకూడని పద్ధతిలో జరిగింది. దిగిపోయిన ముగ్గురి కంటే, కుర్చీల్లో మిగిలినవాళ్ళ బుర్రల్లో మిగిలిన భయమే పెద్ద నష్టం.

అమెరికాలో సుప్రీంకోర్టు అంటే మనకు వాషింగ్టన్‌లోని తొమ్మిది మందే గుర్తొస్తారు. కానీ ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం, సొంత అత్యున్నత న్యాయస్థానం ఉన్నాయి. రాష్ట్ర చట్టానికి అర్థమేమిటో చెప్పడంలో వాళ్ళ మాటే ఆఖరు. ఇల్లు, అద్దె, విడాకులు, కారు ప్రమాదం, దొంగతనం, హత్య: మామూలు మనిషిని కోర్టు మెట్లెక్కించేవన్నీ దాదాపు రాష్ట్ర కోర్టుల్లోనే తేలతాయి. కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో ఏడుగురుంటారు. గవర్నరు నియమిస్తాడు, ముగ్గురు సభ్యుల కమిషన్ ఒప్పుకోవాలి, ఆ తర్వాత గవర్నరు ఎన్నికతో పాటు వాళ్ళ పేర్లూ బ్యాలట్ మీదికొస్తాయి. ఎదుట పోటీ ఎవరూ ఉండరు. ఉండనిద్దామా, వద్దా, అంతే ప్రశ్న. పూర్తి పదవీకాలం పన్నెండేళ్ళు. ఈ పద్ధతి 1934లో పెట్టారు. 1986 దాకా ఒక్కరంటే ఒక్కరూ ఓడిపోలేదు.

బర్డ్ 1936లో అరిజోనాలోని టూసాన్ దగ్గర పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి పిల్లల్ని తీసుకుని న్యూయార్క్ వైపు వలస వెళ్ళి, ఫ్యాక్టరీలో పనిచేసి పెంచింది. స్కాలర్‌షిప్పుతో లాంగ్ ఐలండ్ యూనివర్సిటీలో డిగ్రీ, తర్వాత బర్క్‌లీలో లా, 1965లో పట్టా. నెవాడా సుప్రీంకోర్టులో ఒక ఏడాది క్లర్కుగా చేసింది. ఇక్కడ క్లర్కంటే బంట్రోతు పక్కన కూర్చునే గుమాస్తా కాదు, జడ్జికి తీర్పు రాయడంలో సాయపడే కుర్ర లాయరు. ఆ కోర్టులో ఆ పని చేసిన మొదటి ఆడమనిషి ఆమే. 1966లో సాంతా క్లారా కౌంటీ పబ్లిక్ డిఫెండర్ ఆఫీసుకి వచ్చింది. డబ్బుల్లేని ముద్దాయిల తరఫున వాదించడానికి ప్రభుత్వమే జీతమిచ్చి పెట్టే వకీళ్ళు వీళ్ళు. అక్కడా మొదటి మహిళ ఆమే. ఈ "మొదటి మహిళ" అనేది ఆమె జీవితంలో ఎన్నిసార్లు వస్తుందంటే, కొంతసేపటికి చదివేవాళ్ళకే విసుగొస్తుంది. ఆమెకి ఇంకెంత విసుగొచ్చి ఉంటుందో.

ఆ ఆఫీసులో ఎనిమిదేళ్ళు. ఓడిపోతామని తెలిసిన కేసుని కూడా పోలీసు చేసిన ప్రతి పొరపాటునీ వెతికి వాదించాల్సిన ఉద్యోగం అది. ఒకసారి జ్యూరీ డ్యూటీకి, అంటే కేసు విని తేల్చే మామూలు జనంలో ఒకడిగా, పిలిస్తే శాన్ హోసే కోర్టులో సగం రోజు కూర్చున్నాను. పబ్లిక్ డిఫెండర్ చేతిలో ఫైళ్ళ కట్ట, చెవి దగ్గర ముద్దాయి గుసగుస, ఎదురుగా అసహనంగా గడియారం చూసే జడ్జి. వాయిదా అడగడానికి లేచిన ఆ లాయరు, కాగితంలో తేదీ తప్పు పడిందని చూపించి, ఆ ఒక్క తేదీ మీద పావుగంట లాగాడు. నా పక్కనున్న పెద్దాయన "ఇదేం చోద్యం" అన్నట్టు నిట్టూర్చాడు. రోజ్ బర్డ్ బుర్ర తయారైంది అలాంటి పావుగంటల్లోనే అని నాకనిపిస్తుంది. ఆమె తర్వాత రాసిన తీర్పుల్లో కూడా ఆ తేదీ వెతికే చూపే కనిపిస్తుంది.

1975లో జెర్రీ బ్రౌన్ గవర్నరయ్యాడు. బర్క్‌లీ రోజుల పరిచయం. ఆమెను వ్యవసాయ, సర్వీసుల ఏజెన్సీకి అధిపతిని చేశాడు. కాలిఫోర్నియా క్యాబినెట్‌లో మొదటి మహిళ (చెప్పాను కదా). ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే 1986లో పేలిన మందుపాతర పాతింది ఇక్కడే.

అప్పట్లో సలీనాస్ లోయలో పాలకూర లాంటి లెటిస్ తోటల్లో, చక్కెర బీటు పొలాల్లో కూలీలకి ఒక పొట్టి పార ఇచ్చేవారు. మెక్సికన్ కూలీలు దాన్ని "ఎల్ కోర్తీతో" అనేవారు. పిడి మూరెడు. దానితో కలుపు తీయాలన్నా, మొక్కలు పలచబరచాలన్నా పొద్దస్తమానం నడుం విల్లులా వంచాలి. పొడుగు పిడి పెడితే మొక్కలు దెబ్బతింటాయని ఆసాముల వాదన. అసలు సంగతి గట్టు మీద నిలబడే మేస్త్రీకి తెలుసు: అందరూ వంగి ఉంటే, లేచి నిలబడ్డవాడు ఎవడో దూరం నుంచే కనిపిస్తాడు. మా వైపు వేరుశనగ చేలో కలుపు తీసే ఆడవాళ్ళని చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 1975 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పార సురక్షితం కాదనే వాదనను కొట్టేయడం తప్పని చెప్పింది. బర్డ్ ఏజెన్సీ కింద ఉన్న విభాగం దాన్ని నిషేధించింది. అదే ఏడాది వ్యవసాయ కూలీలకు రహస్య ఓటుతో యూనియన్ ఎంచుకునే హక్కునిచ్చిన చట్టం వచ్చింది. 1935 నాటి కేంద్ర కార్మిక చట్టం పొలం కూలీలను కావాలనే బయట పెట్టింది. ఆ లోటు పూడ్చిన ఈ రాష్ట్ర చట్టాన్ని రాయించి, రెండు పక్షాలనూ కూర్చోబెట్టి ఒప్పించడంలో ముఖ్యమైన చెయ్యి బర్డ్‌దే. పెద్ద రైతులు ఈ రెండూ మరిచిపోలేదు.

1977లో బ్రౌన్ ఆమెను ఏకంగా చీఫ్ జస్టిస్‌ని చేశాడు. వయసు నలభై. ఒక్కరోజు కూడా జడ్జిగా కూర్చున్న అనుభవం లేదు. ఆ కుర్చీ సీనియరైన స్టాన్లీ మోస్క్‌కి వస్తుందని చాలామంది అనుకున్నారు. కమిషన్‌లో రెండుకి ఒకటితో గట్టెక్కింది. బ్రౌన్ ఆమెకి మేలు చేశాననుకుని కీడే చేశాడని నా నమ్మకం. ముందు మామూలు న్యాయమూర్తిగా నాలుగేళ్ళు కూర్చోబెట్టి ఉంటే ఆ కోర్టు గోడలు, ఆ మనుషుల అలకలు ఆమెకి తెలిసేవి. తిన్నగా తలమీద కిరీటం పెట్టేసరికి, లోపల ఆరుగురిలో కొందరికి మొదటిరోజు నుంచే కంట్లో నలుసైంది. ఆమె కూడా తక్కువ తినలేదు. ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు, తన మనుషుల్ని తప్ప నమ్మేది కాదు. కోర్టుకున్న కాడిలాక్ కారుని అమ్మించేసింది. ఆదర్శంగా బాగానే ఉంటుంది, కానీ ఆ కారులో తిరిగే అలవాటున్న పెద్దమనుషులకి అది చెంపదెబ్బలాగా తగిలి ఉంటుంది.

మరుసటేడే, 1978లో, మొదటి ఓటు. రైతు సంఘాల డబ్బు, కరడుగట్టిన మితవాదుల ప్రచారం కలిసి ఆమె మీదికి వచ్చాయి. సరిగ్గా పోలింగ్ రోజు పొద్దున లాస్ ఏంజెలిస్ టైమ్స్ మొదటి పేజీలో ఒక కథనం: తుపాకీతో నేరం చేస్తే జైలు తప్పదనే చట్టం మీద కోర్టు తీర్పు తేల్చేసింది, ఎన్నిక అయ్యేదాకా బయట పెట్టకుండా తొక్కిపట్టింది అని. 51.7 శాతంతో బయటపడింది. విచారణ చేయమని ఆమే అడిగింది. 1979లో న్యాయమూర్తులు ఒకరి మీద ఒకరు బహిరంగంగా సాక్ష్యం చెప్పుకున్నారు, టీవీలో జనం చూశారు. చివరికి ఎవరి మీదా అభియోగం పెట్టలేదు. కానీ ఒకరింటి గొడవ ఊరందరికీ తెలిశాక ఏమవుతుందో ఆ కోర్టుకీ అదే అయింది.

ఇక ఉరిశిక్షలు.

ఆమె ఉన్న కాలంలో కోర్టు ముందుకొచ్చిన 64 ఉరిశిక్ష కేసుల్లో, అరవై నాలుగింటిలోనూ ఆమె శిక్ష కొట్టేయడానికే ఓటేసింది. ఈ అంకె ఒక్కటే ప్రచారంలో సగం పని చేసింది. ప్రచారం చెప్పని రెండో అంకె ఇంకోటుంది: అందులో 61 కేసుల్లో ఆమె మాటే కోర్టు మాట. అంటే ఏడుగురిలో కనీసం ఇంకో ముగ్గురు ఆమెతో ఉన్నారు. ఉరి కొట్టేశారంటే మనిషి ఇంటికి పోయాడని కూడా కాదు. శిక్ష విషయం మళ్ళీ విచారించండి అనో, జీవితాంతం జైలు అనో అర్థం.

ఎందుకు కొట్టేశారో చూడాలంటే చట్టం చరిత్ర కొంచెం తవ్వాలి. 1972 ఫిబ్రవరిలో ఈ కోర్టే ఉరిశిక్ష రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. ఆ తీర్పు రాసిన చీఫ్ జస్టిస్ డొనాల్డ్ రైట్‌ని నియమించింది ఎవరో కాదు, గవర్నరుగా ఉన్న రోనాల్డ్ రీగన్. అదే ఏడాది నవంబరులో ఓటర్లు ప్రొపొజిషన్ 17 అనే బ్యాలట్ ప్రతిపాదనతో రాజ్యాంగాన్నే సవరించి ఉరిని వెనక్కి తెచ్చుకున్నారు. 1977లో కొత్త ఉరిశిక్ష చట్టం రాసినవాడు సెనేటర్ జార్జ్ డ్యూక్మేజియన్, ఆ తర్వాత ఇతనే గవర్నరయ్యాడు. అదీ చాలదని 1978లో బ్యాలట్ ద్వారా ఇంకో చట్టం తెచ్చి వల మరింత వెడల్పు చేశారు. ఈ రెండోది ఓట్ల కోసం రాసిన చట్టం, కోర్టుల కోసం రాసింది కాదు. ఒక్క ఉదాహరణ చాలు. జీవితాంతం జైలు వేస్తే గవర్నరు ఎప్పటికైనా శిక్ష తగ్గించగలడని జ్యూరీకి జడ్జి తప్పకుండా చెప్పాలట. ఉరి వేసినా గవర్నరు తగ్గించగలడు, ఆ సంగతి మాత్రం చెప్పక్కర్లేదట. పన్నెండు మంది మామూలు మనుషులు, చేతిలో ఒక ప్రాణం, చెవిలో సగం నిజం. జైలు వేస్తే వీడు బయటికొస్తాడేమో అనే భయం ఎటు తోస్తుందో వేరే చెప్పాలా?

వాషింగ్టన్ సుప్రీంకోర్టు 1983లో ఇందులో తప్పేం లేదంది. కేసు తిరిగి కాలిఫోర్నియాకి వచ్చింది. 1984లో రాష్ట్ర కోర్టు, మీ రాజ్యాంగం సంగతి మీరు చెప్పారు, మా రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఇది అన్యాయమే అని మళ్ళీ కొట్టేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు అనేదానికి ఉన్న అసలు సత్తువ ఇక్కడ కనిపిస్తుంది. అలాగే 1983లో, చంపాలనే ఉద్దేశం ఉందో లేదో జ్యూరీ తేల్చకుండా దోపిడీలో జరిగిన హత్యకి ఉరి వేయడం కుదరదని చెప్పారు. ఆ ఒక్క తీర్పుతో అంతకుముందు విచారణ ముగిసిన కేసులు బోలెడు కుప్పకూలాయి, ఎందుకంటే వాటిలో జ్యూరీని ఆ ప్రశ్న అడగనే లేదు. జనానికి మాత్రం "మళ్ళీ ఇంకో హంతకుణ్ణి వదిలేశారు" అనే వార్త అందింది.

అలాగని ఆమెను పూర్తిగా వెనకేసుకు రాలేను. అరవై నాలుగుకి అరవై నాలుగూ? ఒక్క విచారణ కూడా సరిగ్గా జరగలేదా? నాకూ నమ్మబుద్ధి కాదు. మోస్క్ కూడా ఉరికి వ్యతిరేకే. కానీ జనం రాసుకున్న చట్టం ఇది, నాకు నచ్చకపోయినా అమలు చేయాలి అని కొన్ని శిక్షలు ఖరారు చేశాడు. ఆయనా అదే బ్యాలట్ మీద ఉన్నాడు, గెలిచాడు, 2001లో చనిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. బర్డ్ తన మనసులో ఉరిని ఒప్పుకోలేక, ప్రతి ఫైలులోనూ ఆ తప్పుపడ్డ తేదీ కోసమే వెతికిందేమో. వెతికితే దొరకని ఫైలు ఉండదని ఎనిమిదేళ్ళు డిఫెండరుగా చేసిన మనిషికి బాగా తెలుసు. ఇది నా అనుమానం. ఇందుకు ఆమె తీర్పుల్ని తిట్టొచ్చు, చీల్చి చెండాడుతూ వ్యాసాలు రాయొచ్చు. ఉద్యోగం పీకడం వేరే సంగతి.

ఆమె రాసినవాటిలో నాకు బాగా నచ్చింది ఉరికి సంబంధం లేని కేసు. 1974లో ఒక రాత్రి, లాస్ ఏంజెలిస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో, సెంచరీ బొలెవార్డ్ మీద ఒక లిక్కర్ షాపు. దాని పార్కింగ్‌లో రోడ్డుకి దగ్గరగా ఫోన్ బూత్. అందులో ఒకతను మాట్లాడుతున్నాడు. రోడ్డు మీంచి అదుపు తప్పిన కారు తన వైపే రావడం చూశాడు. తలుపు లాగాడు, అది ఇరుక్కుపోయింది. కారు వచ్చి కొట్టింది. ఫోన్ కంపెనీ మీద దావా వేస్తే, కారు వస్తుందని కంపెనీ ఎలా ఊహిస్తుందని కింది కోర్టు విచారణకి కూడా రానివ్వకుండా కొట్టేసింది. అదే చోట అంతకుముందు ఇంకో బూత్‌ని కారు గుద్దింది అన్నది వాదనలో ఉంది. 1983లో బర్డ్ రాసిన తీర్పు చెప్పింది ఇంతే: ఊహించగలరా లేదా అన్నది జ్యూరీ తేల్చాల్సిన విషయం, వాళ్ళ ముందుకి వెళ్ళనివ్వండి. డబ్బివ్వమని కాదు, వినమని. 1986లో ప్రెసిడెంట్ రీగన్ ఒక ప్రసంగంలో ఈ కేసుని జోకుగా చెప్పాడు: తాగి కారు నడిపినవాడు గుద్దితే ఫోన్ కంపెనీ మీద కేసా అని. జనం నవ్వారు. తలుపు ఇరుక్కుపోయిన సంగతి ఆయన చెప్పలేదు.

1986 ప్రచారం మొత్తం ఆ జోకు లాగానే నడిచింది. తెర మీద ఉన్నది హతుల కుటుంబాలు, వాళ్ళ కన్నీళ్ళు. అవి నిజమైన కన్నీళ్ళే, వాటిని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ తెర వెనక చెక్కులు రాసినవాళ్ళలో ఉరి గురించి నిద్రపట్టనివాళ్ళు తక్కువ. పెద్ద రైతులు, భూముల వ్యాపారులు, నష్టపరిహారం తీర్పులతో విసిగిన కంపెనీలు ఉన్నారు. ఫోన్ బూత్ తీర్పు తప్పని టీవీలో చెబితే ఎవరూ కదలరు, హంతకుడి ఫొటో చూపిస్తే అందరూ కదులుతారు. డ్యూక్మేజియన్ తన రెండో ఎన్నికలో ఆమె పేరునే అస్త్రంగా వాడుకున్నాడు. ఇటువైపు ఆమె రాజకీయ సలహాదారుల్ని దగ్గరికి రానివ్వలేదు. జడ్జి ఓట్లడుక్కోకూడదు అనుకుంది కాబోలు. ఎన్నికలో నిలబడి, ఎన్నిక నాకు పట్టదంటే కుదురుతుందా?

ఆమెతో పాటు ఓడిపోయిన క్రూజ్ రేనోసో ఆ కోర్టుకి వచ్చిన మొదటి లాటినో, పొలం కూలీల కొడుకు. జోసెఫ్ గ్రోడిన్ కార్మిక చట్టాల ప్రొఫెసరు. గ్రోడిన్ కొన్ని ఉరిశిక్షలు ఖరారు చేసినవాడే. ఏ తీర్పుకి ఎవరు ఎటు ఓటేశారో చూసి జనం తీర్పు చెప్పారన్న వాదన ఇక్కడే తేలిపోతుంది. ముగ్గురూ బ్రౌన్ మనుషులు, ముగ్గురూ పోవాలి, అంతే లెక్క. ఖాళీ అయిన మూడు కుర్చీలూ డ్యూక్మేజియన్ నింపాడు. చీఫ్ జస్టిస్‌గా మాల్కమ్ లూకస్‌ని కూర్చోబెట్టాడు. దోపిడీ హత్యల మీద 1983లో ఇచ్చిన తీర్పుని కొత్త కోర్టు 1987లోనే తిరగదోడింది. రాజ్యాంగం మారలేదు, చట్టం మారలేదు, కుర్చీల్లో మనుషులు మారారు.

ఓటో కౌస్ అని ఇంకో న్యాయమూర్తి 1985 దాకా అదే కోర్టులో ఉండేవాడు. 1982లో తన పేరు బ్యాలట్ మీద ఉన్న సమయంలోనే, జనం ఓటేసి తెచ్చుకున్న ఒక పెద్ద నేరచట్టం మీద నాలుగుకి మూడు తేడాతో తీర్పు రావాల్సి వచ్చింది. ఈయన చట్టం నిలబడాలనే వైపు ఓటేశాడు. రాబోయే ఎన్నిక తన మీద పనిచేసిందో లేదో తనకే తెలియదని తర్వాత ఒప్పుకున్నాడు. పొద్దున గడ్డం గీసుకోవడానికి వెళ్తే స్నానాల తొట్టిలో మొసలి ఉన్నట్టుంటుందట. దాని గురించి ఆలోచించకూడదనే అనుకుంటావు, కానీ గడ్డం గీసుకుంటున్నంతసేపూ ఇంకేం ఆలోచిస్తావు? ఒక జడ్జి నోటి నుంచి ఇంతకంటే నిజాయితీ మాట నేను చదవలేదు. భయపడి ఓటేశానని ఆయన అనలేదు. భయపడ్డానో లేదో తెలుసుకునే దారి లేదన్నాడు.

మరి ఉరి కోసం అంత చేసిన రాష్ట్రంలో ఆ తర్వాత ఏం జరిగింది? లూకస్ కోర్టు ఉరిశిక్షల్ని వరసగా ఖరారు చేసింది. అయినా మొదటి మరణశిక్ష 1992 దాకా అమలు కాలేదు. ఆ రోజు గ్యాస్ చాంబర్‌లో చనిపోయిన రాబర్ట్ హారిస్ శిక్షని ఖరారు చేసింది ఎవరనుకున్నారు? 1981లో, బర్డ్ చీఫ్ జస్టిస్‌గా ఉన్న కోర్టే. ఆమె ఒప్పుకోలేదు, మెజారిటీ ఒప్పుకుంది. అంటే ఆ మనిషి చావుకీ ఆమె కుర్చీకీ అసలు సంబంధమే లేదు. ఆలస్యం ఎక్కువగా ఫెడరల్, అంటే కేంద్ర, కోర్టుల్లోనే జరిగింది. 1992 నుంచి 2006 దాకా మొత్తం పదమూడు మరణశిక్షలు అమలయ్యాయి. 2019లో గవర్నరు గావిన్ న్యూసమ్ అమలు ఆపేసే నాటికి ఏడు వందల మందికి పైగా వరసలో ఉన్నారు. బ్యాలట్ ద్వారా చట్టంలోకి ఎక్కిన తప్పులు చట్టంలోనే ఉండిపోయాయి, వాటిని చూపించిన మనుషుల్ని మాత్రం తీసేశారు.

బర్డ్ ఆ తర్వాత పెద్దగా కనిపించలేదు. కొన్నాళ్ళు టీవీలో వ్యాఖ్యానాలు, కొంత పాఠాలు చెప్పడం, ముసలి తల్లిని చూసుకోవడం. ఈస్ట్ పాలో ఆల్టోలో పేదలకి న్యాయసహాయం చేసే ఆఫీసుకి స్వచ్ఛందంగా వెళ్ళి ఫొటోకాపీలు తీసిపెట్టేది. 1976 నుంచి వెంటాడిన రొమ్ము క్యాన్సరే 1999 డిసెంబరులో ఆమెను తీసుకుపోయింది. అరవై మూడేళ్ళు.

ఇదంతా చెబితే మనవాళ్ళు వెంటనే అనే మాట ఒకటుంది: "ఇండియాలో ఈ గోల లేదు కదా, జడ్జీలకి ఎన్నికలు లేవు." లేవు నిజమే. మొసలి మాత్రం ఉంది, తొట్టి వేరు. మా పెద్దమామ అనంతపురం కోర్టులో ప్లీడరు. జడ్జీకి రెండే భయాలురా అనేవాడు, ఒకటి ఇన్‌స్పెక్షను, రెండోది ట్రాన్స్‌ఫరు. ఎమర్జెన్సీలో ఆ రెండోది హైకోర్టుల దాకా పాకింది. 1976లో పదహారు మంది హైకోర్టు జడ్జీల్ని అడక్కుండా బదిలీ చేశారు. గుజరాత్ నుంచి జస్టిస్ సంకల్‌చంద్ సేఠ్‌ని హైదరాబాదుకి పంపారు, ఆయన ఆ బదిలీ మీదే కోర్టుకెక్కారు. మన గుత్తిలో పుట్టిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారిని ఆంధ్రప్రదేశ్ నుంచి పంజాబ్, హర్యానా హైకోర్టుకి పంపారు. అదే ఏడాది ఏప్రిల్‌లో, ఎమర్జెన్సీలో మనిషి ప్రాణానికి కూడా కోర్టు రక్షణ లేదా అన్న కేసులో ఒంటరిగా అసమ్మతి రాసిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాను, 1977 జనవరిలో చీఫ్ జస్టిస్ కాకుండా పక్కనపెట్టారు. ఆయన రాజీనామా చేశారు. అక్కడ రోజ్ బర్డ్ కుర్చీ ఎక్కడానికి రెండు నెలల ముందు సంగతి ఇది. ఓటరు కొట్టినా ఢిల్లీ కొట్టినా దెబ్బ తగిలేది ఒకచోటే.

కానీ ఆ చిన్నపరెడ్డి గారే సుప్రీంకోర్టుకి వెళ్ళాక ఏం రాశారో చూడండి. 1983లో, ఉరిశిక్ష పడ్డ మనిషిని రెండేళ్ళకు మించి చావు కోసం ఎదురుచూడనిస్తే ఆ శిక్షని యావజ్జీవంగా మార్చాలన్నారు. 1986 ఆగస్టులో, జనగణమన పాడేటప్పుడు లేచి నిలబడి నోరు మాత్రం తెరవని కేరళ పిల్లల్ని బడి నుంచి గెంటేయడం తప్పన్నారు. వాళ్ళ మతం పాడనివ్వదు, నిలబడి గౌరవం చూపించారు, చాలు. ఆ తీర్పు మీద దేశంలో ఎంత రభస జరిగిందో అప్పటి పత్రికలు చూసినవాళ్ళకి గుర్తుంటుంది. దాదాపు మూడు నెలలకి కాలిఫోర్నియాలో రోజ్ బర్డ్ ఓడిపోయింది. చిన్నపరెడ్డి గారి పేరుని ఆ నవంబరులో దేశమంతా బ్యాలట్ మీద పెట్టి ఉంటే? ఆయన 1987లో వయసు నిండి మామూలుగా రిటైరయ్యారు. పిల్లల తీర్పు నేటికీ చెల్లుతోంది. ఢిల్లీ నుంచి కాపాడుకోవాలి, ఓటరు నుంచీ కాపాడుకోవాలి, అదే నేను కోరేది.

అమెరికాలోనే చూసినా తేడా స్పష్టంగా ఉంది. స్వలింగ వివాహాల్ని ఆపడం రాజ్యాంగ విరుద్ధమని 2003లో మసాచుసెట్స్ అత్యున్నత కోర్టు చెప్పింది. అక్కడ జడ్జీలు డెబ్బై ఏళ్ళు నిండేదాకా ఉంటారు, మధ్యలో ఓటు లేదు. ఎవరూ పోలేదు. 2009లో అయోవా సుప్రీంకోర్టు ఏడుగురూ ఏకగ్రీవంగా అదే మాట చెప్పారు. మరుసటేడు బ్యాలట్ మీదికొచ్చిన ముగ్గురూ, చీఫ్ జస్టిస్ మార్షా టర్నస్‌తో సహా, ఊడిపోయారు. ఇక విస్కాన్సిన్‌లో 2025లో ఒక్క సుప్రీంకోర్టు సీటు కోసం తొమ్మిది కోట్ల డాలర్ల పైనే ఖర్చయింది. ఆ డబ్బు పెట్టినవాళ్ళెవరూ న్యాయశాస్త్రం మీద ప్రేమతో పెట్టలేదు.

జవాబుదారీ వద్దా అని అడుగుతారు. కావాలి. లంచం తీసుకుంటే, ముద్దాయిని కులం పేరుతోనో రంగు పేరుతోనో తిడితే, ఫైళ్ళు ఏళ్ళ తరబడి కదలకుండా పడుకోబెడితే తీసేయాలి. అందుకు ప్రత్యేకంగా ఒక కమిషన్ పెట్టిన మొదటి రాష్ట్రం కాలిఫోర్నియానే, 1960లో. పన్నెండేళ్ళు కాకపోతే పదిహేనేళ్ళు పెట్టండి, ఒక్కసారే ఇవ్వండి, మళ్ళీ అడుక్కునే అవసరం లేకుండా చేయండి. తీర్పు రాసే చేతికి తర్వాతి ఉద్యోగం గుర్తురాకూడదు.

గవర్నరు ఎన్నికొచ్చిన ప్రతిసారీ మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న తప్పదు. కొత్తగా సిటిజన్ అయిన కడప తమ్ముడు ఒకడు పోయినసారి బ్యాలట్ ఫొటో పెట్టి అడిగాడు: "అన్నా, ఈ జడ్జీల పేర్ల దగ్గర ఏం చేయాల? ఒక్కరూ తెలీదు నాకు." నేను పెట్టిన జవాబు: "లంచమో, దురుసుతనమో ఉందేమో చూడు. లేకపోతే అందరికీ ఎస్ కొట్టు." వాడు ఊరుకోలేదు. "తీర్పు నచ్చకపోతే గూడానా?" అన్నాడు. నచ్చకపోతే చట్టం మార్చుకో, 1972లో ఇక్కడి జనం తొమ్మిది నెలల్లో రాజ్యాంగమే మార్చుకున్నారు, జడ్జి జోలికి పోకుండానే, అని రాశాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత, "అది బో కష్టం కదన్నా, ఇది ఒక్క టిక్కు" అని పెట్టాడు. ఇంకెవరో కింద నవ్వుతున్న బొమ్మ పెట్టారు, చర్చ స్కూల్ బోర్డు మీదికి మళ్ళింది.